చక్రంలో ‘చ’ ఎక్కడిది?

“సార్, సైకిల్, చక్రం, వీల్ మూడూ ఒకే మాటట కదా! అయితే ఇంగ్లీషు కూడా సంస్కృతం నుంచే పుట్టిందన్నమాట?” బీచ్ రోడ్డులో రోజూ సైకిల్ తొక్కే ఒక ఇంజినీరింగ్ కుర్రాడి ప్రశ్న ఇది. మొదటి సంగతి నిజం, రెండోది కాదు. ఎందుకు కాదో ‘చక్రం’ అన్న మాటే చెబుతుంది.

మన వైజాగ్ డాల్ఫిన్స్ నోస్‌లోని ‘నోస్’, సంస్కృతంలోని ‘నాస’ చుట్టాలని వినగానే తెలిసిపోతుంది. కానీ చెవిని నమ్ముకుని చుట్టరికాలు కలిపితే బోల్తా పడతాం. దేవుణ్ణి లాటిన్‌లో ‘దెఉస్’, గ్రీకులో ‘థెఓస్’ అంటారు. ఆ రెంటికీ ఏ సంబంధమూ లేదు. పేరులో అక్షరం మారిస్తే అదృష్టం మారుతుందనే నమ్మకానికి ఎంత ఆధారముందో, వినికిడితో చెప్పే పదవ్యుత్పత్తికీ అంతే ఉంది. ఏ ధ్వని పక్కన ఏ ధ్వని మారిందో చూడాలి.

ఒక్కసారి ‘కూ’ అనండి, వెంటనే ‘కీ’ అనండి. ‘కీ’ దగ్గర నాలుక ముందుకు జరుగుతుంది. ఇ, ఎ అచ్చుల పక్కనున్న క అలా జరిగి జరిగి చ అయిపోవడం చాలా భాషల్లో ఉన్నదే. జర్మన్‌లో ‘కిన్’ అనే గడ్డాన్ని ఇంగ్లీషులో ‘చిన్’ అంటారు.

ఇప్పుడు చక్రం. సంస్కృతం, గ్రీకు, లాటిన్, ఇంగ్లీషులన్నీ పుట్టిన పాత మూలభాషలో అది సుమారుగా ‘క్వెక్వ్లొ’. ‘తిరుగు’ అనే అర్థమున్న ‘క్వెల్’ ధాతువును రెట్టించి చేసిన మాట. రెండుచోట్లా హల్లు ఒకటే. మరి సంస్కృతంలో ఒకటి చ, ఇంకోటి క ఎందుకయ్యాయి? మొదటిదాని పక్కన ఎ ఉంది, కాబట్టి చ అయింది. రెండోదాని పక్కన హల్లు ఉంది, కాబట్టి క గానే నిలిచింది. తర్వాతెప్పుడో సంస్కృతంలో ఆ ఎ, ఒ రెండూ అ లో కలిసిపోయాయి. పసుపు డబ్బా తీసేసినా అలమరలో మరక మిగిలినట్టు, ఎ పోయింది, చ మిగిలింది. ‘పచతి’, ‘పాకం’ కూడా ఇంతే: చ ఉన్నచోట ఒకప్పుడు ఎ, క ఉన్నచోట ఒ. అదే ధాతువు లాటిన్‌లో ‘కొక్వెరె’ అయింది, దాని వంశంలోవే మన కుక్, కుకర్.

సంస్కృతం, గ్రీకు, లాటిన్‌లకు ఒకే మూలమనీ, అది బహుశా ఇప్పుడు లేదనీ 1786లోనే కలకత్తాలో జడ్జిగా ఉన్న విలియం జోన్స్ అన్నాడు. అయినా అచ్చుల విషయంలో సంస్కృతమే అసలు రూపమని పండితులు చాలాకాలం నమ్మారు. 1870లలో ఈ చ గుట్టు బయటపడ్డాక గ్రీకు, లాటిన్‌లలోని ఎ, ఒలే పాతవని తేలింది. సంస్కృతం వాటికి తల్లి కాదు, తోబుట్టువు.

వీల్ కథ ఇంకా గొప్పది. క్వ ఇంగ్లీషు వైపు హ్వ అయింది. ఆ స్పెల్లింగులో డబ్ల్యూ పక్కన పలకని హెచ్ దానిదే. పాత ఇంగ్లీషులో ‘హ్వెయొగొల్’ అనే రూపం కూడా ఉంది. రెండో హల్లు హ కాకుండా గ ఎందుకైంది? ముందున్న అచ్చు మీద ఉదాత్తం, అంటే పైకెత్తి పలికే స్వరం, లేకపోతే అలా మారుతుందని 1877లో డెన్మార్క్ పండితుడు కార్ల్ వెర్నర్ చూపించాడు. వేదంలో ‘చక్ర’ పలికేటప్పుడు ఉదాత్తం రెండో అక్షరం మీదే పడుతుంది! వేదపాఠం కాపాడిన స్వరం ఒక ఇంగ్లీషు హల్లుకు కారణం చెబుతోంది. తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

సైకిల్ గ్రీకు ‘కుక్లొస్’ నుంచి లాటిన్, ఫ్రెంచి మీదుగా వచ్చింది. దారిలో ఇ ముందున్న క మెత్తబడి స అయింది. మళ్ళీ అదే నాలుక, అదే జారుడు.

తెలుగు ఈ కుటుంబానికి చెందదు. మనది ద్రావిడ కుటుంబమని 1816లోనే మద్రాసు కలెక్టరు ఎల్లిస్ నిరూపించాడు. అయినా ఈ మార్పు మనింట్లోనూ విడిగా జరిగింది. కన్నడ ‘కివి’ మనకు చెవి, తమిళ ‘కెడు’ మనకు చెడు, ‘కిళి’ మనకు చిలుక. మన ఆంధ్రా యూనివర్సిటీలో చదివి, అక్కడే పాఠాలు చెప్పిన భద్రిరాజు కృష్ణమూర్తి ద్రావిడ భాషల ధ్వని మార్పులనే జీవితమంతా తవ్వారు. తెలుగు పిల్లలకు వ్యాకరణం ఇక్కణ్ణుంచి మొదలుపెడితే ఎంత బాగుంటుంది!

తమిళ ‘కీళ్’కి మన జోడీ మాత్రం ‘చింద’ కాలేదు, ‘క్రింద’ అయింది. క కీ ఇ కీ మధ్య ర దూరింది. చక్రంలో రెండో హల్లును కాపాడినట్టే, ఇక్కడా పక్కనున్న హల్లే క ను కాపాడింది.