ఫోటోలో లేని పదమూడో మనిషి

చిరంజీవులైన పిల్లలకు,

అమ్మమ్మ ఆశీస్సులు. మొన్న మీరు వచ్చినప్పుడు నా బల్ల మీది పాత ఫోటో చూసి రెండు ప్రశ్నలు అడిగారు. "యూనివర్సిటీలో ఒక్క ల్యాబ్‌కి ఇంతమంది ఎందుకు, అందరూ ఒకే పని చేసేవాళ్లా?" అని ఒకరు. "కింద 13 పేర్లున్నాయి, ఫోటోలో 12 మందే ఉన్నారు, ఇంకొకరేరీ?" అని మరొకరు. ఆ పూట ఎవరో రావడంతో మాట మధ్యలోనే ఆగిపోయింది. రెండో ప్రశ్న అప్పటినుంచీ నా మనసులోనే తిరుగుతోంది. అందుకే తీరుబడిగా రాస్తున్నాను.

ముందు మా పని చెబుతాను. ఆర్గానిక్ కెమిస్ట్రీ అంటే కార్బన్ చుట్టూ అల్లుకున్న పదార్థాల శాస్త్రం. బిళ్లలోని మందు, బట్టకు పట్టే రంగు, పువ్వు వాసన, ఒంట్లోని విటమిన్లు, చాలావరకు దాని కిందికే వస్తాయి. ప్రకృతిలో ఎక్కడో పిసరంత దొరికే పదార్థాన్ని, బాటిల్లో దొరికే మామూలు రసాయనాలతో మొదలుపెట్టి అంచెలంచెలుగా ల్యాబ్‌లో కట్టుకు రావడం మా గ్రూపు పని. ఒక్కో అంచెను స్టెప్ అంటాం.

ఇప్పుడు ఒక లెక్క వేయండి. ఒక్కో స్టెప్‌లో నూటికి 90 వంతులు దక్కాయనుకోండి. అది చాలా మంచి ఫలితం. అలాంటివి 20 స్టెప్పులు వరసగా చేస్తే చివరికి మిగిలేది నూటికి 12 వంతులే. నమ్మకం కుదరకపోతే 0.9ని 20 సార్లు గుణించి చూడండి. పైగా అన్ని స్టెప్పులూ 90 ఇవ్వవు. 50 వచ్చినా సంతోషపడే రోజులుంటాయి. అంటే చివర్లో చిటికెడు కావాలంటే మొదట్లో డబ్బాలకొద్దీ మొదలుపెట్టాలి. గ్రూపులో అంతమంది ఎందుకో ఈ లెక్కలోనే సగం తెలిసిపోతుంది.

విటమిన్ బి12 సంగతి చూడండి. హార్వర్డ్‌లో వుడ్‌వర్డ్, జూరిక్‌లో ఎషెన్‌మోజర్, ఇద్దరి గ్రూపులూ కలిసి దాన్ని ల్యాబ్‌లో కట్టడం 1972లో పూర్తిచేశాయి. పదేళ్లకు పైగా పట్టింది. దాదాపు వందమంది చేతులు పడ్డాయి. పుస్తకాల్లో రెండు పేర్లే కనిపిస్తాయి. ఎవరో ఒకరు రాత్రి రెండింటికి ఫ్లాస్క్ అనే గాజు బుడ్డి ముందు కూర్చుంటేనే కదా ఒక్కో స్టెప్ దాటేది! ఆ పనిలో ఎదురైన చిక్కుల్లోంచే, కొన్ని రియాక్షన్లు ఒక్క తీరునే ఎందుకు నడుస్తాయి అని వుడ్‌వర్డ్‌కి కొత్త ప్రశ్న పుట్టింది, దాన్ని రోల్డ్ హాఫ్‌మన్ అనే కుర్ర పరిశోధకుడితో కలిసి విప్పారు. 1965 నుంచి వచ్చిన వాళ్ల నియమాలు ఇప్పటికీ ఆర్గానిక్ కెమిస్ట్రీ విద్యార్థులు చదువుతారు.

ఇక ఫోటో. మధ్యలో కూర్చున్నవారు మా గైడ్. మేమంతా సార్ అనేవాళ్లం. ఆయన స్వయంగా ఫ్లాస్క్ పట్టుకోవడం నేను ఎప్పుడో గానీ చూడలేదు. ఏ పదార్థం కట్టాలి, అందులో ఏ బంధం ముందు వేయాలి, ఏది చివరికి ఉంచాలి అన్నది ఆయన ఆలోచన. దానికి డబ్బు కావాలి కాబట్టి ప్రాజెక్టు ప్రతిపాదనలు రాసేవారు. మేము రాసుకొచ్చిన పేపర్లు ఎర్ర సిరాతో దిద్దేవారు. రోజూ సాయంత్రం ల్యాబ్‌లోకి వచ్చి ఒక్కొక్కరి దగ్గరా ఆగేవారు. "రియాక్షన్ అయిపోయింది సార్" అంటే, "ఎలా తెలుసు?" అనేవారు. "పదార్థం ప్యూర్‌గా వచ్చింది సార్" అంటే మళ్లీ "ఎలా తెలుసు?" మొదట్లో ఆ మాట వింటేనే నాకు టెన్షన్. తరవాత తరవాత సార్ రాకముందే నాకు నేనే ఆ ప్రశ్న వేసుకోవడం అలవాటైంది.

ఆయన పక్కనున్నది పోస్ట్‌డాక్. పీహెచ్‌డీ ముగించి, ఇంకో గ్రూపులో రెండు మూడేళ్లు పనిచేయడానికి వచ్చినవారన్నమాట. సార్ ఊళ్లో లేనప్పుడు మాకు దిక్కు ఆయనే.

స్కాలర్లం ఏడుగురం. ఫోటోలో ఆరుగురే ఉన్నాం. గ్రూపు బరువు ఎక్కువగా మోసేది పీహెచ్‌డీ చేసే స్కాలర్లే. మా రోజు ఎలా ఉండేదో చెబుతాను. పొద్దున్నే రియాక్షన్ పెట్టాలి. పొగలు, ఆవిర్లు మన ముక్కుకు చేరకుండా లాగేసే అద్దాల గది లాంటిది ఒకటుంటుంది, దాన్ని హుడ్ అంటాం. పనంతా అందులోనే. రియాక్షన్ నడుస్తుంటే గంటగంటకూ టీఎల్‌సీ చూడాలి. ఇది మీకు తప్పకుండా నచ్చుతుంది. వేలెడంత పలక, దాని మీద తెల్లటి సిలికా పూత. అడుగు భాగాన సన్నటి గాజు గొట్టంతో చుక్క పెట్టి, కొంచెం సాల్వెంట్, అంటే పదార్థాలను కరిగించే ద్రవం, పోసిన గాజు జాడీలో నిలబెడతాం. సాల్వెంట్ పలక మీద పైకి పాకుతూ ఒక్కో పదార్థాన్ని ఒక్కో ఎత్తు దాకా మోసుకుపోతుంది. ఆరబెట్టి అతినీలలోహిత దీపం కింద పెడితే నల్లటి మచ్చలు కనిపిస్తాయి. మొదలుపెట్టిన పదార్థం మచ్చ మాసిపోయి, వేరే ఎత్తులో కొత్త మచ్చ వచ్చిందంటే రియాక్షన్ నడిచినట్టు. మచ్చలు రెండో మూడో వచ్చాయంటే ఆ రాత్రి నిద్ర లేనట్టే. వాటిని విడదీయడానికి పొడవాటి గాజు గొట్టంలో సిలికా నింపి కాలమ్ వేయాలి, వరసగా పదులకొద్దీ టెస్ట్‌ట్యూబుల్లోకి పట్టాలి, ఏ ట్యూబులో ఏముందో మళ్లీ టీఎల్‌సీ చూడాలి, చివరికి రోటా అనే, ఫ్లాస్క్‌ని తిప్పుతూ సాల్వెంట్‌ని ఆవిరి చేసే యంత్రం మీద పెట్టి సాల్వెంట్ లాగేయాలి. ఫ్లాస్క్ గోడకి మంచులా అంటుకున్న కాస్త తెల్లటి పొడి మిగులుతుంది. ఆ పొడిని చూసిన సంతోషం నాకింకా గుర్తుంది.

అది మనం అనుకున్న పదార్థమేనా? అక్కడే ఫోటోలో కుడివైపు చివర నిలబడ్డ ఎన్ఎమ్ఆర్ ఆపరేటర్ పని. ద్రవ హీలియంలో, సున్నాకి దాదాపు 269 డిగ్రీలు కింద ఉంచిన పెద్ద అయస్కాంతం ఆయన అధీనంలో ఉండేది. అందులో పెట్టిన పదార్థంలోని హైడ్రోజన్లు ఒక్కొక్కటీ ఎలాంటి చోట ఉన్నాయో ఆ యంత్రం గీతలుగా గీసి చూపిస్తుంది. మేము నలభై శాంపిళ్లు ఇచ్చినా ఓపిగ్గా చేసేవారు. గీతలు చూసి, మేము అడగకముందే, "సాల్వెంట్ సరిగా లాగలేదమ్మా, మళ్లీ ఆరబెట్టు" అని చెప్పేవారు.

ఆయన పక్కన మా ల్యాబ్ అసిస్టెంట్. గాజు సామాను, గ్యాస్ సిలిండర్లు, వాడేసిన సాల్వెంట్లు అన్నీ ఆయన చేతి మీదుగానే నడిచేవి. క్లోరిన్ ఉన్న సాల్వెంట్లు ఒక డబ్బాలోకి, లేనివి ఇంకో డబ్బాలోకి పోయాలి. ఎవరైనా కలిపేస్తే ఎంత పెద్ద స్కాలరైనా నిలబెట్టి చెప్పేవారు. అలా చెప్పే మనిషి ఉండబట్టే మా ల్యాబ్‌లో ఎవరికీ ఏమీ కాలేదని నేను గట్టిగా నమ్ముతాను. పేపర్ మీద ఆయన పేరు వచ్చేది కాదు, చివర్లో కృతజ్ఞతల్లో ఒక్క వాక్యం ఉండేది. అది చాలదని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది.

కింద కూర్చున్న ఇద్దరు ఎమ్మెస్సీ ప్రాజెక్టు విద్యార్థులు. ఇందాకటి లెక్క గుర్తుందిగా? మొదటి స్టెప్పులు పెద్ద మొత్తాల్లో చేసి, వెనకాల ఉన్నవాళ్లకు పదార్థం అందించేది వాళ్లే. వచ్చినవాళ్లంతా నేర్చుకునేదీ అక్కడే. ఈ పనులు పుస్తకం చదివితే పట్టుబడవు. పక్కన నిలబడి చూడాలి, మనం చేస్తుంటే పక్కనున్నవాళ్లు చూడాలి. ఈ పద్ధతికి పాత చరిత్ర ఉంది. 1824లో జర్మనీలోని గీసెన్‌కి 21 ఏళ్ల లీబిగ్ అనే ఆచార్యుడు వచ్చాడు. విద్యార్థులందరినీ ఒకే ల్యాబ్‌లో చేర్చి, చేత్తో పనిచేయిస్తూ పరిశోధన నేర్పాడు. అక్కడ చదువుకున్నవాడే ఆగస్ట్ హాఫ్‌మన్. ఇందాకటి రోల్డ్ హాఫ్‌మన్ కాదు, ఈయన చాలా ముందటివాడు. ఆయన లండన్‌లో పాఠం చెప్పిన కుర్రాడే పెర్కిన్. 1856లో, 18 ఏళ్ల వయసులో, సెలవుల్లో ఇంటి దగ్గర మలేరియా మందు క్వినైన్ తయారు చేయబోతే అది రాలేదు, మురికి ముద్ద ఏదో వచ్చింది. పారబోయకుండా దాని సంగతి తేల్చాడు. అలా దొరికిందే మావ్ అనే ఊదారంగు. ఆ రంగుతో ఒక పరిశ్రమే మొదలైంది.

ఇక నా తప్పు చెప్పాలి. అది చెప్పకుండా పదమూడో మనిషి గురించి చెప్పలేను.

బ్యూటైల్‌లిథియం అనే రసాయనం ఉంది. గాలి తగిలితే మంట అంటుకునేంత చురుకైనది. హెక్సేన్ అనే సాల్వెంట్లో కలిపి, రబ్బరు మూత బిగించిన బాటిల్లో వస్తుంది. ఆ మూతలోంచి సూది గుచ్చి సిరంజితో తీసుకుంటాం. ఎంత జాగ్రత్తగా తీసినా గుచ్చిన ప్రతిసారీ కాస్త గాలీ తేమా లోపలికి పోతాయి. రోజులు గడిచేకొద్దీ దాని బలం తగ్గిపోతుంది. అందుకే వాడే ముందు టైట్రేషన్ చేసి అసలు బలం ఎంతో చూసుకోవాలి. నా రెండో ఏడాదిలో ఒక స్టెప్‌కి దీన్ని వాడాను. బాటిల్ పాతది. లేబుల్ మీద బలం 1.6 మోలార్ అని ఉంది. తొందరలో టైట్రేషన్ చేయలేదు. రియాక్షన్ చక్కగా వచ్చింది. నోట్‌బుక్‌లో లేబుల్ మీది అంకెనే రాసేశాను. బాటిల్ ఎప్పుడు తెరిచారో రాయలేదు.

రెండేళ్ల తరవాత మా గ్రూపులోకి ఒక జూనియర్ వచ్చింది. నా స్టెప్ మళ్లీ చేసి ముందుకు వెళ్లాలి. నా నోట్‌బుక్ ముందు పెట్టుకుని, అక్షరం పొల్లుపోకుండా చేసింది. మూడో మచ్చ వచ్చింది. మళ్లీ చేసింది, మళ్లీ అదే. నాలుగు నెలలు పోయాయి. చేసిన ప్రతిసారీ ప్రాజెక్టు విద్యార్థులు వారాల తరబడి చేసి ఇచ్చిన పదార్థం ఖర్చయిపోయింది. అందరం ఆమె చేతిలోనే ఏదో లోపముందనుకున్నాం. నేనూ అనుకున్నాను. "ఇంకొంచెం జాగ్రత్తగా చెయ్యి" అని నేనే ఆమెతో అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధపడుతుంటాను.

ఒకరోజు నా దగ్గరికి వచ్చి, "అక్కా, ఆ రోజు మీరు వాడిన బాటిల్ కొత్తదా, పాతదా?" అని అడిగింది. నాకు ఒళ్లు జల్లుమంది. పాతదని గుర్తుంది. పేజీలో ఆ ముక్క లేదు. ఆమె తన కొత్త బాటిల్‌కి టైట్రేషన్ చేసింది. సరిగ్గా 1.6 ఉంది. అంటే నేను రాసినంతా పోస్తే నేను నిజంగా వేసినదానికంటే ఎంతో ఎక్కువ పడుతోంది, ఆ ఎక్కువైనది పదార్థంలో ఇంకో చోటికి పోయి పాడుచేస్తోంది.

ఇది నా ఒక్కదాని అనుభవమే కాదు. జపాన్‌లో హియామా, నొజాకి 1977లో క్రోమియం లవణంతో ఒక రియాక్షన్ కనుక్కున్నారు. హార్వర్డ్‌లో కిషి గ్రూపు పాలిటాక్సిన్ అనే సముద్రపు విషాన్ని కట్టడానికి దాన్ని వాడింది. ఒక బాటిల్‌తో వచ్చేది, ఇంకో బాటిల్‌తో వచ్చేది కాదు. చివరికి కిషి గ్రూపు, జపాన్ గ్రూపు విడివిడిగా 1986లో తేల్చాయి. లవణంలో కల్తీగా పిసరంత నికెల్ ఉన్న బాటిళ్లే పనిచేస్తున్నాయట. ఇప్పుడు ఆ రియాక్షన్‌లో నికెల్‌ని కావాలనే కలుపుతారు. ఇది చదివినప్పుడల్లా మా జూనియర్ గుర్తొస్తుంది. బాటిల్‌ని అనుమానించాలన్న ఆలోచన ఆమెకు ఎవరూ చెప్పకుండానే వచ్చింది.

గ్రూపులో మనుషులు నాలుగైదేళ్లుండి వెళ్లిపోతారు. నోట్‌బుక్‌లు అక్కడే ఉంటాయి. ఎన్నడూ చూడని మనిషి ఆ పేజీ తెరిచి, మన మాట నమ్మి పదార్థం ఫ్లాస్క్‌లో పోస్తాడు. అప్పటినుంచి నేను బాటిల్ తెరిచిన తేదీ కూడా రాశాను. నా దగ్గర చేరిన ప్రతి విద్యార్థి చేతా రాయించాను.

ఫోటో తీసిన రోజు ఆమె సరైన లెక్కతో ఆ రియాక్షన్ మొదటిసారి పెట్టింది. డ్రై ఐస్, అసిటోన్ కలిపిన గిన్నెలో ఫ్లాస్క్ మైనస్ 78 డిగ్రీల దగ్గర ఉంది. బ్యూటైల్‌లిథియం చుక్క చుక్కగా వేస్తోంది. కిందికి రమ్మని కబురు పంపితే, సగంలో వదిలి రాలేనంది. అలాంటి రియాక్షన్ దగ్గర మనిషిని ఒంటరిగా వదలకూడదు కాబట్టి పక్క ల్యాబ్ స్కాలర్ ఒకరిని అక్కడ నిలబెట్టి మిగతా అందరం ఫోటోకి వచ్చాం. కింద పేరు మాత్రం రాయించమని సార్ గట్టిగా చెప్పారు.

ఫోటో అవగానే పైకి వెళ్లాం. ఆమె రక్షణ కళ్లద్దాలు ఇంకా తీయలేదు. "అయిపోయింది సార్" అంది. సార్ అలవాటు ప్రకారం, "ఎలా తెలుసు?" అన్నారు. ఆమె టీఎల్‌సీ పలక తీసి ఆయన చేతిలో పెట్టింది. దీపం కింద అందరం వంగి చూశాం. మొదలుపెట్టిన పదార్థం ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది. దానికి పైన ఒక్కటే మచ్చ.

ప్రేమతో,
మీ అమ్మమ్మ