‘ఫైనల్ ఫోబియా’ ముద్ర ఎలా పడింది?

పి.వి.సింధు ఏదైనా టోర్నీలో తొందరగా ఇంటిముఖం పడితే చాలు, పాత మాట మళ్లీ పైకొస్తుంది. కసి తగ్గింది, ఇక రాకెట్ పక్కన పెట్టేయొచ్చు కదా అని. రియో వెండి పతకం కథ అందరికీ తెలిసిందే. ఫైనల్స్ అంటే ఆమెకు భయమన్న ముద్ర పడింది మాత్రం 2018లో.

ఆ ఏడాది ఆగస్టు నెలాఖరుకు సింధు ఐదు ఫైనల్స్ ఆడి ఐదూ ఓడింది. ఇండియా ఓపెన్‌లో బీవెన్ జాంగ్, కామన్వెల్త్ క్రీడల్లో మన సైనా, థాయ్‌లాండ్‌లో ఒకుహర, నాన్జింగ్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మారిన్, జకార్తా ఆసియా క్రీడల్లో తై జు యింగ్. దానికి ‘ఫైనల్ ఫోబియా’ అని పేరు పెట్టేశారు. 2017లో గ్లాస్గో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో ఒకుహరతో 110 నిమిషాలు పోరాడి, మూడో గేమ్ 20-22తో పోగొట్టుకున్న మ్యాచ్‌ను కూడా ఆ ఖాతాలోనే రాశారు. సెమీస్‌లో ఓడినవాళ్లను ఎవరూ ఏమీ అనరు మరి! విమర్శలో అసలు పసే లేదనలేం. నాన్జింగ్‌లో మొదటి గేమ్ 19-21తో పోయాక రెండోది 10-21తో చేజారింది.

డిసెంబరులో గ్వాంగ్‌జౌలో ఒకుహరను ఓడించి వరల్డ్ టూర్ ఫైనల్స్ గెలిచింది. దాంతో భయం పోయిందని రాశారు. కానీ 2019 జులైలో ఇండోనేషియా ఓపెన్ ఫైనల్లో యమగుచి చేతిలో మళ్లీ ఓటమి. నెల తిరిగేసరికి బాసెల్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్. అక్కడ క్వార్టర్స్‌లో తై జు యింగ్‌తో మొదటి గేమ్ 12-21తో పోయింది. తర్వాతి రెండూ 23-21, 21-19. ఫైనల్లో ఒకుహరను 21-7, 21-7తో 38 నిమిషాల్లో ముగించేసింది. జులైలో ఉన్న ఫోబియా ఆగస్టుకు ఎటు పోయినట్టు? కొరియా కోచ్ కిమ్ జి హ్యున్ చెప్పిన మార్పుల మీద సింధు ఆ ఏడాది పనిచేసింది. ఆ సంగతి పట్టించుకున్నవాళ్లు తక్కువ.

టోక్యో ఒలింపిక్స్‌లో సెమీస్ ఓడిన మర్నాడే కోర్టుకొచ్చి హి బింగ్‌జియావోను 21-13, 21-15తో ఓడించి కాంస్యం తెచ్చింది. స్కోరును బట్టే తన విలువ కట్టుకునే మనిషైతే ఆ రాత్రి గడిచేదేనా?

2024 పారిస్ ఒలింపిక్స్‌లో అదే బింగ్‌జియావో చేతిలో ప్రీక్వార్టర్స్‌లో ఓడింది. రిటైర్మెంట్ మాట గట్టిగా వినపడింది అప్పుడే. ఏడాది తర్వాత అదే పారిస్‌లో, ప్రపంచ చాంపియన్‌షిప్‌లో, రెండో ర్యాంకర్ వాంగ్ జియిని వరుస గేముల్లో ఓడించింది. మర్నాడు క్వార్టర్స్‌లో పుత్రి కుసుమ వర్దానీ చేతిలో మూడు గేముల్లో ఓడిపోయింది. చర్చంతా ఆ రెండో మ్యాచ్ గురించే.