మామిడి మార్గరీటాలో నీళ్ల లెక్క

డాలస్ పక్కన ఇర్వింగ్‌లో జూలై ఎండ అంటే మన రోహిణి కార్తె లాంటిదే. అలాంటి ఒక శనివారం ఇంటికి స్నేహితులు వస్తుంటే మామిడి మార్గరీటా, అంటే మద్యం, నిమ్మరసం కలిపి చేసే చల్లటి కాక్‌టెయిల్, చేద్దామనుకున్నాను. పెరట్లో బల్ల వేసుకుని ఇరవై నిమ్మకాయలు పిండాను, ఇండియన్ స్టోర్‌లో తెచ్చిన మామిడి గుజ్జు డబ్బా తెరిచాను, టెకీలా అనే మెక్సికో మద్యం, ట్రిపుల్ సెక్ అనే ఆరెంజ్ మద్యం పోసి, జార్ నిండా ఐసు వేసి మిక్సీ తిప్పాను. గ్లాసులో పోసినప్పుడు చిక్కగా, పసుపుపచ్చగా, చూడటానికి ఎంతో బాగుంది. పది నిమిషాలయ్యేసరికి పైన నురగ, కింద పసుపు రంగు నీళ్లు. అది చాలదన్నట్టు రెండు రోజుల తర్వాత నా వేళ్ల సందుల్లో, మణికట్టు మీద ఎర్రగా కాలిన మచ్చలు లేచాయి. పొయ్యి దగ్గరికే పోలేదు మరి.

ముందు నీళ్ల సంగతి. ఐసు కరిగితే పానీయం పలచబడుతుందని అందరికీ తెలుసు, కానీ ఐసు చల్లబరిచేదే కరగడం ద్వారా అన్న విషయం మీద మనం పెద్దగా దృష్టి పెట్టం. ఒక గ్రాము ఐసు కరగాలంటే చుట్టూ ఉన్నదాని నుంచి 80 క్యాలరీల వేడి లాక్కుంటుంది. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ చల్లార్చడానికి ఒక్క క్యాలరీ తీస్తే చాలు. ఇప్పుడు నేను చేసింది చూడండి: టెకీలా, గుజ్జు, నిమ్మరసం అన్నీ కలిపి 240 మిల్లీలీటర్లు, అన్నీ 25 డిగ్రీల గది వేడిలో ఉన్నవే. వాటిని సున్నాకు దించడానికి ఇంచుమించు 6,000 క్యాలరీలు తీయాలి, అంటే 75 గ్రాముల ఐసు నీళ్లైపోవాలి. ఇంకా గడ్డకట్టడం మొదలే కాలేదు, అప్పటికే 75 మిల్లీలీటర్ల నీళ్లు కలిసిపోయాయి. మిక్సీ బ్లేడు ఐసును పొడి చేసేసింది కాబట్టి మిగిలినది కూడా ఎండలో చకచకా కరిగింది.

దీనికి విరుగుడు చాలా సులువు, ఐసు మానేసి మామిడి ముక్కల్నే గడ్డకట్టించడం. మామిడిలో 80 శాతానికి పైగా నీళ్లే, అంటే గడ్డకట్టిన మామిడి ముక్క రుచి ఉన్న ఐసు ముక్క. అది కరిగినా వచ్చేది మామిడి రసమే. టెకీలా సీసాను కూడా ముందు రోజు రాత్రే ఫ్రీజర్లో పడేయండి. 40 శాతం ఆల్కహాల్ ఉన్నది ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల్లో గడ్డకట్టదు, చిక్కటి నూనెలా అవుతుంది అంతే. ఇప్పుడు నా కొలత ఇది: టెకీలా 60 మిల్లీలీటర్లు, ట్రిపుల్ సెక్ 30, నిమ్మరసం 30, గడ్డకట్టిన మామిడి 200 గ్రాములు. ట్రిపుల్ సెక్ కూడా 40 శాతందే అయితే మొత్తం మీద ఆల్కహాల్ 11 శాతం చిల్లర తేలుతుంది, అది మైనస్ 4, 5 డిగ్రీల దగ్గర గానీ గడ్డకట్టడం మొదలుపెట్టదు, మామిడిలోని చక్కెర దాన్ని ఇంకాస్త కిందికి లాగుతుంది. అందుకే రాయిలా గట్టిపడకుండా సన్నటి మంచు రేణువులుగా, చెంచాతో తీస్తే జారేలా నిలుస్తుంది. మామిడిలోని పెక్టిన్ అనే జిగురు పదార్థం నీళ్లను పట్టి ఉంచుతుంది కూడా, పుచ్చకాయతో చేస్తే ఇంత చిక్కదనం రాదు. ఒక మాట, ఈ కొలత ఇద్దరికి. ఇందులో దాదాపు 28 గ్రాముల ఆల్కహాల్ ఉంది, అమెరికా లెక్కలో రెండు డ్రింకులు, చల్లగా తియ్యగా ఉంటుంది కాబట్టి నాలుకకు అది తెలియదు.

ఈ నీళ్ల గొడవతోనే మా డాలస్‌లో ఒక చరిత్ర నడిచింది. ఇక్కడ రెస్టారెంట్ నడిపే మరియానో మార్టినెజ్ దగ్గర బ్లెండర్లో చేసే మార్గరీటాలు ఒక్కోసారి ఒక్కోలా వస్తున్నాయని కస్టమర్లు గొణిగేవాళ్లు. 1971లో ఆయన సాఫ్ట్ సర్వ్ ఐస్‌క్రీమ్ మెషీన్‌ను మార్చి, చక్కెర, నీళ్లు, మద్యం పాళ్లు కుదిర్చి, ఎన్ని గ్లాసులు పట్టినా ఒకేలా వచ్చేలా చేశాడు. ఆ మెషీన్ ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది.

ఇక రుచి. చల్లటిది నాలుకకు తక్కువ తీపిగా తెలుస్తుంది, కరిగిన ఐస్‌క్రీమ్ వెగటుగా ఉండటానికి కారణం ఇదే. నాలుకలో తీపి కబురును ముందుకు పంపే టీఆర్‌పీఎం5 అనే ప్రొటీన్ 15 నుంచి 35 డిగ్రీల మధ్య వేడి పెరిగేకొద్దీ చురుగ్గా పనిచేస్తుందని 2005లో తేలింది. కాబట్టి మిక్సీ ఆపగానే రుచి చూసి చక్కెర గుమ్మరించకండి, రెండు నిమిషాలు ఆగండి. అసలు లోటు పులుపుది. పండిన మామిడిలో పులుపు తక్కువ, డబ్బా గుజ్జులో చాలాసార్లు పైన చక్కెర కూడా కలిపి ఉంటుంది. నిమ్మరసం తగ్గిస్తే అది మామిడి షేక్ అయిపోతుంది. ఇక్కడ షాపుల్లో పెద్దగా, గింజల్లేకుండా ఉండేది పర్షియన్ లైమ్. చిన్న సంచుల్లో కీ లైమ్ అని అమ్మేది మాత్రం మన గూడూరు నిమ్మ జాతే, మెక్సికోలో వాడేదీ అదే. ఒకటి గోటితో గిల్లి వాసన చూస్తే చాలు, పచ్చడి పెట్టే రోజు వంటిల్లు గుర్తొస్తుంది.

గ్లాసు అంచుకు ఉప్పు ఎందుకంటే, సోడియం చేదును అణచిపెడుతుంది, చేదు తగ్గితే దాని కింద అణిగి ఉన్న తీపి పైకి వస్తుంది. జామకాయకు ఉప్పుకారం అద్దుకుని తిన్న వాళ్లకు ఈ పాఠం చిన్నప్పుడే వచ్చు. నేను ఉప్పులో గుంటూరు కారం కూడా కలుపుతాను. నాకు ఇందులో ఎప్పటికీ తీరని అబ్బురం ఒకటుంది: మామిడి మన వైపు నుంచి ఫిలిప్పీన్స్ చేరి, అక్కడి నుంచి మనీలాకూ అకాపుల్కోకూ మధ్య తిరిగిన స్పానిష్ ఓడల్లో మెక్సికో వెళ్లింది, అక్కడ ఇప్పటికీ మనీలా మామిడి అనే రకం ఉంది, మిరపా జామా అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు వాళ్లతో మన దగ్గరికి వచ్చాయి. మెక్సికో వీధుల్లో మామిడి ముక్కల మీద కారం, ఉప్పు, నిమ్మ చల్లి అమ్ముతారు.

నా చేతి మచ్చలకు కారణం నిమ్మ తొక్క. అందులో ఫ్యూరానోకౌమరిన్లు అనే పదార్థాలుంటాయి, అవి చర్మానికి అంటుకున్నాక ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడితే చర్మ కణాలు కాలినట్టు దెబ్బతింటాయి. వెంటనే ఏమీ తెలియదు, ఒకటి రెండు రోజులకు ఎర్రబడి, బొబ్బలెక్కి, తర్వాత గోధుమ రంగు మచ్చ వారాల తరబడి ఉంటుంది. డాక్టర్లు దీన్ని మార్గరీటా బర్న్ అని కూడా అంటారు. నా మచ్చలు దసరా దాకా ఉన్నాయి. ఇప్పుడు నిమ్మకాయలు ఇంట్లో సింక్ దగ్గరే పిండుతున్నాను, సబ్బుతో చేతులు మోచేతుల దాకా కడుక్కున్నాకే గ్లాసు పట్టుకుని పెరట్లోకి వెళ్తున్నాను.