గ్యాస్ దీపాల నడుమ తెల్ల స్కర్టు

1832 మార్చి 12న పారిస్ ఒపేరాలో ‘లా సిల్ఫీడ్’ అనే బ్యాలే తొలిసారి ప్రదర్శించారు. అందులో గాలిలో తిరిగే దేవకన్యగా నర్తించిన మరీ టాగ్లియోని వేసుకున్న దుస్తులు ఆనాటి సంపన్న స్త్రీలకు పూర్తిగా కొత్తవేమీ కావు. భుజాలు కనిపించే బిగుతు రవికె, సన్నని నడుము, అక్కడి నుంచి గంటలా విచ్చుకున్న స్కర్టు, ఇవన్నీ విందులకు తొడుక్కునే గౌన్లలోనూ ఉన్నవే. అయితే టాగ్లియోని స్కర్టు అంచు చీలమండలకు పైనే ఆగింది. మునివేళ్ల మీద నిలబడే ఆమె పాదాలు ప్రేక్షకులకు కనబడాలి కదా. ఇక గుడ్డ సంగతికి వస్తే, మెరిసే పట్టు కాకుండా పలుచని తెల్లని వస్త్రాన్ని పొరలు పొరలుగా కుట్టారు. తరువాత టూటూ అని పిలిచిన బ్యాలే స్కర్టుకు ఇదే మూలరూపం.

ఆ పలుచదనం వెనుక యంత్రాలున్నాయి. సన్నని మస్లిన్ ఒకప్పుడు ఢాకా మగ్గాల నుంచి యూరప్‌కు చేరే ఖరీదైన సరుకు. వల లాంటి గుడ్డనైతే చేత్తో అల్లాల్సిందే. 1809 నాటికి జాన్ హీత్‌కోట్ అనే ఆంగ్లేయుడు వల అల్లే యంత్రాన్ని తయారు చేశాడు. మరోవైపు నూలు మిల్లులు మస్లిన్ ధరను దించాయి. గంజి పెట్టి బిరుసు చేసిన టార్లటాన్ అనే నూలు వస్త్రం అటు నర్తకికీ, ఇటు విందుకు వెళ్లే యువతికీ అందుబాటులోకి వచ్చింది.

ఇలాంటి గుడ్డ మీద పడిన వెలుతురులో కొంత దారపు పోగులను తాకి నలుదిక్కులా చెదురుతుంది, మిగిలింది సందుల్లోంచి లోపలి పొరకు చేరి అక్కడ మళ్లీ చెదురుతుంది. అందుకే స్కర్టు మొత్తం లోపలి నుంచే వెలుగుతున్నట్టు కనిపిస్తుంది. పారిస్ ఒపేరాకు 1822లోనే గ్యాస్ దీపాలు వచ్చాయి. వాటి వెలుతురును పెంచడం, తగ్గించడం సులువు కావడంతో వెన్నెలను వేదిక మీదికి తేగలిగారు.

కానీ నర్తకి తేలుతున్నట్టు చూపించిన గుణాలే ఆ గుడ్డను చాలా ప్రమాదకరంగా కూడా మార్చాయి. నూలులో ఉండేది సెల్యులోజ్. అది సుమారు 300 డిగ్రీల సెల్సియస్ వేడికి విచ్ఛిన్నమై మండే ఆవిర్లను వదులుతుంది. మనం మంటగా చూసేది ఆ ఆవిర్లు మండడాన్నే. మందపాటి ఉన్ని కోటు అంత వేడెక్కడానికి సమయం పడుతుంది. పలుచని గుడ్డకు ఒక్క క్షణం చాలు. పైగా పొరకూ పొరకూ మధ్య కావలసినంత గాలి ఉంటుంది. నిప్పు తగిలిన నర్తకి భయంతో పరుగెత్తితే మరింత గాలి అందుతుంది.

1844 డిసెంబరులో లండన్‌లోని డ్రూరీ లేన్ రంగస్థలం మీద క్లారా వెబ్‌స్టర్ దుస్తులకు నిప్పంటుకుంది. కొద్ది రోజులకే ఆమె మరణించింది. అందరికీ ఎక్కువగా గుర్తుండిపోయింది మాత్రం ఎమ్మా లివ్రీ. టాగ్లియోని ఎంతో ప్రేమించి శిక్షణ ఇచ్చిన శిష్యురాలామె, ఆమె కోసమే 1860లో ఒక బ్యాలేకు నృత్యం కూర్చింది. 1862 నవంబరు 15న పారిస్ ఒపేరాలో రిహార్సల్ జరుగుతుండగా, లివ్రీ తన స్కర్టును సర్దుకుంటూ పైకెత్తింది. ఆ కదలికకు రేగిన గాలితో పక్కనున్న గ్యాస్ మంట ఎగసి స్కర్టుకు తగిలింది. మంటలతో ఆమె వేదిక మీద పరుగులు తీస్తుంటే, ఒక అగ్నిమాపక ఉద్యోగి దుప్పటి చుట్టి ఆర్పాడు. ఎనిమిది నెలలు నరకయాతన పడి 1863 జులై 26న కన్నుమూసింది. అప్పటికి ఆమె వయసు ఇరవై ఏళ్లే. ఆ రోజు కాలిపోగా మిగిలిన పీలికలను పారిస్ ఒపేరా మ్యూజియంలో ఇప్పటికీ భద్రపరిచారు.

దీన్ని నివారించే ఉపాయం అప్పటికే ఉంది. లవణాలతో గుడ్డ మండకుండా చేయవచ్చని గే లుసాక్ అనే రసాయన శాస్త్రవేత్త 1821లోనే చూపించాడు. కార్తెరోన్ అనే మరో ఫ్రెంచివాడు పటిక, వెలిగారం వంటి వాటితో ద్రావణం తయారు చేశాడు. పటిక స్ఫటికాల్లో నీరు దాగి ఉంటుంది, వేడి తగలగానే అది ఆవిరై గుడ్డను చల్లబరుస్తుంది. వెలిగారం కరిగి పోగుల మీద గాజులాంటి పూత కడుతుంది. రంగస్థల దుస్తులను ఇలా తడిపి ఆరబెట్టాలని 1859లో ఫ్రెంచి ప్రభుత్వం ఉత్తర్వు కూడా ఇచ్చింది. అయితే ద్రావణంలో ముంచిన గుడ్డ బిరుసెక్కి పసుపుపచ్చగా మారేది. ఆ స్కర్టు తనకు వద్దని లివ్రీ ఒపేరా అధికారికి రాతపూర్వకంగా చెప్పింది.

ఇది ఆమె స్వయంకృతమని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. తేలిగ్గా కనిపించడమే ఆమె బతుకుతెరువు. నిప్పును ఆమె పక్కనే బహిరంగంగా వదిలేసి, జాగ్రత్త భారమంతా ఆమె గుడ్డ మీద మోపడం న్యాయం కాదు.

ఈ ముప్పు వేదికతో ఆగలేదు. 1856లో పేటెంటు పొందిన క్రినోలిన్‌తో, అంటే స్కర్టు కింద తొడుక్కునే ఉక్కు చట్రంతో, వీధుల్లోనూ స్కర్టులు విపరీతంగా ఉబ్బాయి. లోపలంతా గాలి. తన దుస్తులు తన ఒంటికి ఎంత దూరంలో ఉన్నాయో తొడుక్కున్న మనిషికే తెలిసేది కాదు. అమెరికన్ కవి లాంగ్‌ఫెలో భార్య ఫ్యానీ 1861 జులైలో ఇంట్లోనే దుస్తులకు నిప్పంటుకుని మరణించింది. ఇంగ్లండులో వెర్స్‌మన్, ఓపెన్‌హైమ్ అనే ఇద్దరు రసాయనవేత్తలు 1859లో అనేక లవణాలను పరీక్షించి, ఇస్త్రీ చేయాల్సిన బట్టలకు సోడియం టంగ్‌స్టేట్‌ను సిఫారసు చేశారు. ఇస్త్రీపెట్టె దాని మీద సాఫీగా జారుతుంది. చాకలి పని ఎలా సాగుతుందో కూడా ఆలోచించిన ఆ శ్రద్ధ నాకెంతో నచ్చుతుంది.

ఆ శతాబ్దం చివరికి బ్యాలే స్కర్టు, వీధి ఫ్యాషన్ దారులు వేరయ్యాయి. ఇటలీ నర్తకీమణుల కాళ్ల పని కష్టతరమైన కొద్దీ అంచు పైకి జరిగింది. 1885లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వర్జీనియా జుక్కి పొట్టి స్కర్టుతో నర్తించింది. పదేళ్లకు పియెరీనా లెన్యానీ ‘స్వాన్ లేక్’లో ఒంటికాలి మీద వరుసగా 32 సార్లు గిరగిరా తిరిగింది. పొడవాటి స్కర్టు ఉంటే ఆ కాలి కదలికలు కనిపించేవే కావు.

రంగస్థలం మీద నిప్పుకు అసలైన విరుగుడు గుడ్డ నుంచి కాకుండా దీపం నుంచి వచ్చింది. 1881 డిసెంబరులో లండన్‌లోని సవాయ్ థియేటర్ వేదికకు విద్యుద్దీపాలు అమర్చారు. దాని యజమాని రిచర్డ్ డోయిలీ కార్ట్ వెలుగుతున్న బల్బుకు తేలిగ్గా మండే మస్లిన్ చుట్టి, అందరి ఎదుటా పగలగొట్టాడు. దీపం ఆరిపోయింది. మస్లిన్ కమిలిపోను కూడా లేదు.