మాగాయను కాపాడేది నూనె కాదు

నిల్వ పచ్చడి పాడైతే ఇంట్లో మొదట వినపడే మాట "నూనె చాల్లేదు" అని. మాగాయ విషయంలో ఈ నింద చాలావరకు తప్పు. నూనె చేసేది మూత పని. గాలి తగలనివ్వదు కాబట్టి పైన బూజు లేవదు, అంతే. గాలి లేకపోయినా పులియబెట్టే ఈస్టును అది ఆపలేదు, ముక్కలో ఉన్న నీటినీ తగ్గించలేదు. అసలు కాపలా కాయలోని పులుపుదీ, మనం వేసే ఉప్పుదీ. పులుపును కొలిచే అంకె పీహెచ్, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. పుల్లటి పచ్చిమామిడి పీహెచ్ 3 దరిదాపుల్లో ఉంటుంది. 4.6 కన్నా తక్కువ ఉన్న చోట బొటులిజం అనే ప్రాణాంతక ఆహార విషాన్ని తెచ్చే బాక్టీరియా పెరగదు. మిగతా వాటికి నీళ్లు దొరక్కుండా చూడడం ఉప్పు వంతు.

లెక్క వేసి చూడండి. చెక్కు తీసి తరిగిన ముక్కలు కిలో, కల్లుప్పు 150 గ్రాములు, పసుపు ఒక చెంచా. కిలో ముక్కల్లో నీళ్లే సుమారు 850 గ్రాములు. ఉప్పంతా కరిగితే అది 15 శాతం ఉప్పునీళ్లు. సూక్ష్మజీవులకు ఎంత నీరు అందుతుందో చెప్పే కొలత ఒకటుంది, వాటర్ యాక్టివిటీ అంటారు. మంచినీటికి అది 1, మన ఊటకి దాదాపు 0.90. చాలా రకాల బాక్టీరియా 0.91 పైన ఉంటేనే పెరుగుతుంది. బూజులు మొండివి, 0.80 దాకా లాక్కొస్తాయి. ఎండ కావలసింది వాటిని ఆపడానికే. నీళ్లలో సగం ఎగిరిపోయాక అదే ఉప్పు 26 శాతం అవుతుంది. నీటిలో ఉప్పు ఇక అంతకుమించి కరగదు. అప్పుడు కొలత 0.75కి దిగుతుంది, మామూలు బూజులకు అక్కడ పని లేదు.

కాయ టెంక ముదిరి, కండ తెల్లగా, కరకరలాడుతూ ఉండాలి. దోరకాయ వద్దు. అందులో పిండిపదార్థం చక్కెరగా మారుతుంటుంది, అది ఈస్టుకు మేత. కండను గట్టిగా పట్టి ఉంచే పెక్టిన్ కూడా అప్పటికే సడలుతుంటుంది కాబట్టి ముక్క మెత్తబడిపోతుంది. కాయలు కడిగి, తుడిచి, తడి పూర్తిగా ఆరాకే తరగాలి. ముక్క అర సెంటీమీటరు మందం చాలు. ఉప్పు గిన్నెతో కాకుండా తూకంతో తీసుకోండి. కల్లుప్పు, మెత్తటి ఉప్పు ఒకే గిన్నెలో ఒకే బరువు తూగవు.

ఉప్పూ పసుపూ కలిపి జాడీలో పెట్టి వాసెన కడితే కొన్ని గంటల్లోనే ఊట దిగుతుంది. రోజుకోసారి పొడి గరిటెతో కలపాలి. మూడో రోజు ముక్కలు పిండి పళ్లెంలో పరవాలి, ఊటను వెడల్పాటి పింగాణీ లేదా గాజు పాత్రలో విడిగా ఎండబెట్టాలి. అల్యూమినియం వద్దు, పులుపూ ఉప్పూ కలిసి దాన్ని తినేస్తాయి.

ఎండబెట్టడంలో చాలామంది దెబ్బతినేది ఇక్కడే. 0.75 అనే అంకె గాలికీ వర్తిస్తుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు పట్టిన ముక్క ఎండదు సరికదా, తేమను తాగుతుంది. సముద్రతీరపు ఊళ్లలో రాత్రి డాబా మీద వదిలేసిన పళ్లెం పొద్దున్నకి మళ్లీ తడిగా కనపడేది అందుకే. సాయంత్రం ఎండ వాలకముందే లోపలికి తేవాలి. ఎండ లేని దేశాల్లో ఉన్నవాళ్లు ఓవెన్‌ను 60 డిగ్రీల దగ్గర పెట్టి, తలుపు కాస్త తెరిచి ఎండబెట్టుకోవచ్చు. మందపు ముక్కలైతే పైన ఎండి లోపల తడి మిగులుతుంది. వారం తర్వాత ఆ తడి బయటికొచ్చి పచ్చడిని పలుచన చేస్తుంది.

ఎప్పుడు ఆపాలి? ముక్కలూ ఊటా కలిపి మొదట 1150 గ్రాములు. అది 725 దగ్గరికి వస్తే చాలు. తూకం లేకపోతే ముక్క అంచులు చూడండి, తెల్లటి పూత కనపడుతుంది. దాన్ని బూజనుకుని పారేసేవాళ్లున్నారు! ఒక ముక్క తీసి నీటిబొట్టు వేస్తే కరిగిపోయేది ఉప్పు, నూగులా మిగిలేది బూజు.

ముక్కల్ని ఊటలో కలిపి, కారం 100 గ్రాములు, దోరగా వేయించి కొట్టిన మెంతిపిండి 20 గ్రాములు వేయాలి. మెంతులు నల్లబడితే చేదు వదలదు. పావుకిలో పప్పునూనెలో (నువ్వుల నూనెలో) ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ పోపు పెట్టి, చల్లారాకే పోయాలి. వేడిగా పోస్తే కారం మాడి రంగు చచ్చిపోతుంది. పప్పునూనెకే ఓటు ఎందుకంటే, అందులోని సెసమాల్ లాంటివి నూనె త్వరగా కంపు కొట్టకుండా ఆపుతాయి.

బీపీ భయంతో ఉప్పు తగ్గించి చేసుకుంటే అది నిల్వ పచ్చడి కాదు, కొద్దిగా చేసి ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే. జాడీలో బుడగలు లేస్తే ఈస్టు పనిచేస్తున్నట్టు. పచ్చ, నలుపు బూజు కనపడితే పైపైన తీసి తినకండి, దాని పోగులు లోపలికి దిగి ఉంటాయి. తడి గరిటె తెచ్చే నష్టం కూడా చిన్నది కాదు. గరిటెకున్న నీళ్లు నూనెలో కలవవు, కిందికి జారి ముక్క మీద కూర్చుంటాయి. పావుకిలో నూనె పైన తేలుతున్నా, ఆ బొట్టు చుట్టూ ఉప్పు పలచబడి పులియడం అక్కడ మొదలవుతుంది.