పెట్టిన కణాలను ఒంట్లో బతికించడానికి ఇన్నేళ్ల తంటా

గుంటూరు కొత్తపేటలో షుగర్ డాక్టరు దగ్గర పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్న అమ్మానాన్నలు ఎప్పుడో ఒకప్పుడు అడిగే మాట ఇది: "కిడ్నీలు మారుస్తున్నారు కదండీ, దీనికి మార్చడానికి ఏమీ లేదా?" టైప్ 1 షుగర్ ఉన్న పిల్లలకు రోజుకు మూడు నాలుగు సూదులు తప్పవు. మే ఎండల్లో కరెంటు పోతే ఇన్సులిన్ ఎక్కడ పాడైపోతుందోనని తడి ఇసుక కుండలో దాచుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్లు అలా అడగడం న్యాయమే. ఆ ప్రశ్న ఇన్సులిన్ కంటే పాతది.

1893లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో 15 ఏళ్ల కుర్రాడికి గొర్రె క్లోమం (పాంక్రియాస్) ముక్కలు చర్మం కింద పెట్టారు. మూడు రోజుల్లో చనిపోయాడు. 1922లో టొరంటోలో ఇన్సులిన్ సూది వచ్చి ప్రాణాలు నిలబెట్టింది. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల గుంపులను మాత్రమే తీసి మార్చవచ్చని 1972లో శాస్త్రవేత్త పాల్ లేసీ బృందం ఎలుకల్లో చూపించింది.

మనుషుల్లో గట్టి ఆశ పుట్టింది 2000లో. కెనడాలోని ఎడ్మంటన్‌లో జేమ్స్ షపీరో బృందం చనిపోయిన దాతల కణాలను కాలేయానికి వెళ్లే సిరలోకి ఎక్కించింది. ఏడుగురికి చేస్తే ఏడుగురూ ఇన్సులిన్ మానేశారు. కానీ 2006లో వచ్చిన పెద్ద ప్రయోగం ఫలితాల్లో 36 మందిలో ఏడాదికి 16 మందే సూది లేకుండా ఉన్నారు. వాళ్లలో రెండో ఏడాది దాకా నిలిచింది ఐదుగురే.

టైప్ 1లో కొత్త కణాలకు రెండు వైపుల నుంచీ దాడి. పరాయివని రోగనిరోధక వ్యవస్థ ఎలాగూ ఊరుకోదు. దానికి తోడు, ఇన్సులిన్ చేసే సొంత కణాలను ఆ వ్యవస్థే చంపేయడం వల్ల వచ్చిన జబ్బు ఇది; ఆ పాత పగ కూడా అలాగే ఉంటుంది. రోగనిరోధక వ్యవస్థను అణచే మందులు జీవితాంతం వాడాలి. వాటితో ఇన్ఫెక్షన్లు, క్యాన్సర్ ముప్పు, కిడ్నీలకు దెబ్బ. సూదితో నెట్టుకొస్తున్న పదేళ్ల పిల్లాడికి ఆ మందులు అంటగట్టడం నాకైతే సబబు అనిపించదు.

అందుకే దోమతెర లాంటి ఉపాయం ఆలోచించారు. 1980లో లిమ్, సన్ అనే ఇద్దరు సముద్రపు నాచు నుంచి తీసిన ఆల్జినేట్ గుళికల్లో కణాలను దాచి ఎలుకల్లో పెట్టారు. చక్కెర, ఇన్సులిన్, ఆక్సిజన్ అటూ ఇటూ పోతాయి, దాడి చేసే కణాలు లోపలికి రాలేవు. ఎలుకల్లో పనిచేసింది. మనుషుల్లో మాత్రం శరీరం ఆ గుళిక చుట్టూ మచ్చలాంటి పొర కట్టేస్తుంది, లోపలి కణాలు ఊపిరాడక చచ్చిపోతాయి.

2025లో రెండు వార్తలొచ్చాయి. మూలకణాల (స్టెమ్ సెల్స్) నుంచి ల్యాబ్‌లో పెంచిన కణాలు పూర్తి మోతాదులో తీసుకున్న 12 మందిలో 10 మంది ఏడాది తర్వాత ఇన్సులిన్ వాడటం లేదు. దాతల కొరత తీరే దారి దొరికిందన్నమాట, అణచివేత మందులు మాత్రం తప్పలేదు. నాకు రెండోదే పెద్ద వార్త. స్వీడన్‌లోని ఉప్సలాలో 42 ఏళ్ల వ్యక్తికి, పరాయివని పట్టిచ్చే గుర్తులను జన్యుమార్పుతో తీసేసిన దాత కణాలను ముంజేతి కండరంలో పెట్టారు. గుర్తుల్లేని కణాన్ని మరో రకం రక్షక కణాలు అనుమానిస్తాయి కాబట్టి, 'నన్ను వదిలెయ్' అని చెప్పే సీడీ47 ప్రోటీన్‌ను కూడా పెంచారు. అణచే మందు ఒక్కటీ లేకుండా 12 వారాలకు కణాలు బతికే ఉన్నాయి, ఇన్సులిన్ ఇస్తూనే ఉన్నాయి. పెట్టింది కొద్ది మోతాదే కాబట్టి ఆయన సూది మానలేదు. పైగా ఇది ఒక్క మనిషి అనుభవం.

షుగర్‌కు స్టెమ్ సెల్స్ ఎక్కిస్తామని ఎవరైనా లక్షలు అడిగితే, అనుమతి ఉన్న క్లినికల్ ట్రయలేనా అని ముందు అడగండి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం ట్రయల్ బయట అలాంటి చికిత్సకు డబ్బు తీసుకోకూడదు. పిల్లాడి సూది మాత్రం ఒక్క పూట కూడా ఆపొద్దు.