విశాఖలో బయటి తిండి: వంటింటి వైపు నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

బీచ్ రోడ్డు మీద కూర్చుని తెప్పించుకున్న కోనం వేపుడు పీచులా తగిలితే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. నింద వంటవాడి మీదికి పోతుంది. మా లెక్కలో పళ్ళెం పాడవడానికి మొదటి కారణం నిలవ: వండకముందు సరుకు ఎంతకాలం ఆగింది, వండాక ఎంతసేపు ఆగింది. చాలా అపోహలు ఈ లెక్క తెలియక పుట్టినవే.

అపోహ: సముద్రం పక్కనే ఉన్న హోటల్ కాబట్టి చేప ఈ పొద్దున పడిందే.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్లకూ ఇంజిన్ పడవలకూ వేట నిషేధం. ఇంజిన్ లేని తెప్పలకు మినహాయింపు ఉంది కానీ అవి తెచ్చే సరుకు ఊరంతటికీ ఏం సరిపోతుంది? అయినా మే నెలలోనూ మెనూలో కోనం, చందువ అలాగే ఉంటాయి. అవి ఫ్రీజర్ నుంచో పడమటి తీరం నుంచో వచ్చినవి. వేట సాగే రోజుల్లోనూ పెద్ద బోట్లు సముద్రంలో రోజుల తరబడి ఉండి వస్తాయి. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారి వేలానికి వచ్చే చేపలో కొంత అప్పటికే ఐసులో కొన్ని రోజులు గడిపి ఉంటుంది.

ఐసు చేప అంటే చెడ్డ చేప అనుకోవడం ఇంకో అపోహ. సరిగ్గా గడ్డకట్టించి, రాత్రంతా ఫ్రిజ్‌లో 5 డిగ్రీల లోపు కరిగించిన ముక్క బాగానే వేగుతుంది. పాడయ్యేది కరిగించే దగ్గర. హడావిడిలో బకెట్ నీళ్ళలో పడేస్తారు, మిగిలింది మళ్ళీ ఫ్రీజర్‌లో తోస్తారు. రెండోసారి గడ్డకట్టిన ముక్క పెనం మీద నీరు వదిలేస్తుంది. మసాలా ఊడిపోతుంది, లోపల పిండిలా నలుగుతుంది. మంచి ముక్క వేలితో నొక్కితే పొరలు పొరలుగా విడుతుంది.

ఇంకొకటి: అపోలో ఫిష్ అనేది వంటకం పేరు, చేప పేరు కాదు. ముల్లు లేని తెల్లటి ముక్కలు తక్కువ ధరకు వచ్చాయంటే అవి ఎక్కువగా చెరువుల్లో పెంచే బాసా, పంగాస్ రకాలే. తినడానికి ఇబ్బంది లేదు, సముద్రపు చేప ధర కట్టకండి. మార్చిలో పులస పులుసు అని రాసి ఉంటే అది గోదావరి వరదకు ఎదురీది వచ్చిన చేప కాదు. అనుమానంగా ఉంటే వండకముందే చేపను చూపించమనండి. కన్ను ఉబ్బి మెరవాలి, మొప్ప ఎర్రగా ఉండాలి. రొయ్యకు వేట నిషేధంతో పని లేదు, మనం తినేది చాలావరకు చెరువుల్లో పెంచే వనామీ రకమే. దాని గొడవ వేరు. పెద్ద మంట మీద 2, 3 నిమిషాలు చాలు. సున్నాలా బిగిసి చుట్టుకుందంటే అతిగా ఉడికినట్టే.

అపోహ: బిర్యానీ మనం ఆర్డర్ ఇచ్చాకే దమ్ వేస్తారు.

కుదరదు. నానబెట్టిన పచ్చి మాంసం అడుగున, ముప్పాతిక ఉడికిన బియ్యం పైన వేసి మూత బిగిస్తే హండీ తెరవడానికి ముప్పావుగంట, మటన్ అయితే గంట పైమాటే. అందుకే మధ్యాహ్నానికి ఒక వాయి, రాత్రికి ఒక వాయి దింపుతారు. నాలుగు గంటలకు తీసుకెళ్ళే పార్సిల్ మధ్యాహ్నపు వాయిదే. ఆగే హండీని 60 డిగ్రీల పైన ఉంచాలి, దానివల్ల మెతుకు ఎండిపోతుంది. తగ్గిస్తే ఇంకా ప్రమాదం.

వడ్డించేవాడు పక్క నుంచి నిలువునా కోసి అడుగుదాకా తీయాలి. పైపైన తోడితే మొదటి బల్లకు తెల్లన్నం, చివరి బల్లకు ముద్ద మసాలా, విరిగిన మెతుకులు. ఫోన్ చేసి “కొత్త హండీ ఎన్నింటికి తెరుస్తారు?” అని అడగండి, ఆ వేళకే వెళ్ళండి. ఫ్రై పీస్ బిర్యానీలో ముక్క విడిగా వేగి పైన పడుతుంది. అది మోసం కాదు, పద్ధతే అది.

అపోహ: వెదురు గొట్టంలో వచ్చిందల్లా బొంగు చికెన్.

అరకు దారిలో చేసేదానికి పచ్చి బొంగు కావాలి. మసాలా పట్టించిన ముక్కలు కూరి, ఆకులతో మూతి బిగించి, నిప్పుల మీద తిప్పుతూ ముప్పావుగంట దాకా కాలుస్తారు. నూనె పోయరు. బొంగులోని తేమే ముక్కను ఉడికిస్తుంది. ఎండిన బొంగు పగిలి అంటుకుంటుంది, కాబట్టి వాడిన గొట్టం రెండోసారి కాల్చడానికి పనికిరాదు. నగరంలో పావుగంటలో బల్ల మీదికొచ్చి, గొట్టం వంచితే నూనె తేలిన గ్రేవీ కారిందంటే అది కడాయిలో చేసిన కూరే. గొట్టం బయటి వైపు చూడండి. చుట్టూ మాడి ఉండాలి.

అపోహ: పబ్‌లో డ్రాఫ్ట్ బీరుకు నురుగు ఉంటే మోసం.

రెండు వేళ్ళ మందం నురుగు ఉండాల్సిందే. సగం గ్లాసు నురుగే వస్తే పీపా నుంచి బీరు వచ్చే పైపు వేడెక్కిందని అర్థం. అసలు నురుగే నిలవకపోతే, గాజుకు బుడగలు అతుక్కుంటే గ్లాసుకు జిడ్డో సబ్బో మిగిలింది. వేరే గ్లాసు అడగండి. పులుపో, వెన్న వాసనో తగిలితే పైపులు కడగలేదు. వాటిని రెండు వారాలకోసారి కడగాలి, రద్దీ తక్కువ పబ్బుల్లో ఇదే ముందు ఎగిరిపోతుంది. బంగాళాదుంప వేపుళ్ళకు చేప వాసన వస్తే రెండింటికీ ఒకటే నూనె. పెగ్ 30 మిల్లీలీటర్లు, పెద్దది 60. బల్ల దగ్గరే కొలిచి పోయమనడం అవమానమేమీ కాదు.

అపోహ: సర్వీస్ చార్జీ కట్టి తీరాలి.

అక్కర్లేదు. అడగకుండా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులై 4న చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న దాన్ని సమర్థించింది. తీసేయమనండి, వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. జీఎస్టీ మాత్రం తప్పదు. మామూలు రెస్టారెంట్‌లో 5 శాతం. మద్యం మీద జీఎస్టీ వేస్తే అది తప్పు బిల్లు. ఇక నీళ్ళ సీసా సంగతి మీకు నచ్చదు: హోటల్లో వడ్డించే సీసాకు ముద్రించిన ధర కంటే ఎక్కువ తీసుకోవడం తూనికల చట్టం కింద నేరం కాదని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. మామూలు నీళ్ళు అడగండి.

అపోహ: తిరిగి పంపితే వంటింట్లో పగబడతారు.

సగం తిని పంపితే విసుక్కుంటారు, అది నిజం. రెండు ముద్దల్లోనే కెప్టెన్‌ని, అంటే వడ్డన చూసుకునే పెద్దని, పిలిచి దోషం పేరు పెట్టి చెప్పండి. “బాలేదు” అంటే అదే కూరను వేడి చేసి, పైన కొత్తిమీర చల్లి మళ్ళీ తెస్తారు. “ముక్క లోపల చల్లగా ఉంది”, “నూనె కంపు కొడుతోంది” అంటే కొత్తది వండక తప్పదు.